మన టీమ్, మన మూడు స్టేడియాలు

"కెనాట్ లా డాడీ, ఇక్కడ ఆడకూడదు, బోర్డు ఉంది!" అంటూ మా అబ్బాయి బ్యాటు దించేశాడు. నిన్న టాంపినీస్‌లో, మనం పెరిగిన బ్లాకు పక్క గడ్డిలో. రెండు ఇనప కాళ్ల మీద అదే పాత బోర్డు: బంతి ఆటలు నిషేధం.

ఒరేయ్, చిన్నప్పటి మన టీమ్ గుర్తుందా? క్రికెట్ బ్యాటు తెమ్మంటే, అమెరికా ఆన్‌సైట్ నుంచి మా నాన్న గుండ్రటి బేస్‌బాల్ బ్యాటు తెచ్చారు. దాంతోనే ఆడాం. మొదటి స్టేడియం బ్లాకు కింద గోడల్లేకుండా వదిలేసిన ఖాళీ చోటు, వాయిడ్ డెక్. బంతి చప్పుడు భరించలేక ఆంటీలు తరిమారు. రెండోది ఎండకు అరికాళ్లు కాలే కార్‌పార్క్ పైఅంతస్తు. వాచ్‌మన్ తరిమాడు. మూడోది ఈ గడ్డి. ఇక్కడికి మనుషులు రాలేదు, బోర్డు వచ్చింది. మనం మాత్రం కదల్లేదు.

"బ్యాటెత్తరా," అన్నాను మావాడితో. "ఆ ఇనప కాళ్లు చూశావా? మాకు వికెట్లు వాళ్లే పాతిచ్చారు."