అప్పయ్యకు చూపెందుకు పోయింది

నేను ఒక మనిషి తాతను దొంగిలించాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. గొర్రెను దొంగిలించి ఉంటే పంచాయితీ జరిగేది, నాలుగు తిట్లు తిని ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. తాతను దొంగిలిస్తే ఏ స్టేషన్లోనూ కేసు రాసుకోరు. అందుకే అది నా దగ్గరే ఉండిపోయింది. భోజనానికి కూర్చుంటే పక్కన కూర్చుంటుంది. ఎవరైనా నా జోకుకు నవ్వితే, ఆ నవ్వు అయిపోయేదాకా మర్యాదగా ఆగి, అప్పుడు నావైపు చూస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఈ ఏర్పాటులో లాభం నాకే ఎక్కువ. అయినా వినండి.

మార్కాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. చరిత్ర మీద ప్రేమతో ఎవరూ వచ్చేవారు కాదు, జోకుల కోసం వచ్చేవారు. నాకు రోమన్ల వంశాల గురించి చెప్పడం ఇష్టం. అందులోనూ అప్పియస్ క్లాడియస్ అనే నాయకుడంటే మరీ ఇష్టం. క్రీస్తుకు మూడొందల ఏళ్ళ ముందటి మనిషి. వాళ్ళ మూలపురుషుడు సొంత ఊళ్ళో తగాదా పడి, తన వాళ్ళందరినీ వెంటబెట్టుకుని రోముకు వలస వస్తే, రోము పెద్దలు భూమి ఇచ్చి తమ సభలో కూర్చోబెట్టుకున్నారు. ఆ వంశంలో పుట్టిన అప్పియస్ పెద్ద రోడ్డు వేయించాడు, కాలువ కట్టించి నీళ్ళు తెచ్చాడు. ముసలితనంలో చూపు పోయినా కొడుకుల్నీ కూతుళ్ళనీ పనివాళ్ళనీ ఒక్క మాట మీద నడిపించాడు. చూపు ఎందుకు పోయిందో కూడా రోమన్లు చెప్పుకున్నారు. అది తర్వాత చెబుతాను. క్లాసులో కూడా ఇలాగే దాటేసేవాణ్ణి, గంట కొట్టేస్తారని.

రాచర్ల పక్క ఒక పల్లెలో రంగనాయకులు అనే ఆసామి సర్పంచి పదవికి నిలబడ్డాడు. నాకు చుట్టం కాదు, మామా అని పిలిచేవాణ్ణి. మా పక్క అందరికీ అందరూ ఏదో ఒకటి అవుతారు. వాళ్ళ నాయన పొదిలి నుంచి వచ్చి అక్కడ భూమి కొన్నవాడు. అవతలి పక్షం వాళ్ళు ఆటోకు మైకు కట్టి, "ఈ ఊరి మట్టిలో మీ తాత ఎవుడున్నాడ్రా?" అని వీధివీధీ తిప్పారు. మామ తిన్నగా మార్కాపురం వచ్చాడు.

"అల్లుడా, నాకొక తాత కావల్ల," అన్నాడు.

అప్పుడు టీ కొట్టు దగ్గర టీ తాగుతున్నాను. టీ చల్లారేలోగా తాత తయారయ్యాడు. అప్పియస్‌ను అప్పయ్యను చేశాను. భాష కూడా నాకు అడ్డు చెప్పలేదు. అప్పయ్య నల్లమల అవతలి నుంచి తన వాళ్ళతో వచ్చాడు, అడవిలో బండ్లబాట వేశాడు, కాలువ తవ్వి నీళ్ళు తెచ్చాడు. మా పక్క నీళ్ళు తెస్తామన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. తెచ్చినవాడు అప్పయ్య ఒక్కడే. లేని మనిషికి ఆపాటి సౌకర్యం ఉంటుంది. ఆయన వంశం వాళ్ళే తర్వాత పొదిలికి పోయారని, మామ నాయన తిరిగి తాత ఊరు చేరాడని కలిపాను. చివరికి చూపు పోయి, చేతికర్ర పట్టుకుని పొలిమేరలో ఊరికి కావలి కూర్చున్నాడని కాగితం మీద రాసి ముగించాను.

"గుడ్డోడు బాగుండాడు. జనం కరుగుతారు," అన్నాడు మామ. ఎక్కడిదని అడగలేదు. నేనూ చెప్పలేదు. నాలో నేను నవ్వుకున్నాను.

గెలిచాడు. నా జోకు అక్కడితో అయిపోవాలి. కానీ గెలిచినవాళ్ళకు తాత కంటికి కనబడాలి కదా. మనుషుల్ని పంపి పొలిమేర అంతా వెతికించారు. తంగేడు పొదల మధ్య మోకాలెత్తు రాయి ఒకటి దొరికింది. దాని మీద ఒక మనిషి బొమ్మ ఉంది. చేతిలో కర్ర.

నేను రాసిన కర్ర గుడ్డివాడిది. రాతి మీది కర్ర గొర్రెల కాపరిది. ఆ మనిషి కాళ్ళ దగ్గర కుక్క కూడా ఉంది. కుక్క సంగతి ఏందని ఎవరో అడిగితే, "దావ సూపేదానికి," అన్నాడంట మామ. ఇది నాకు ఫోన్లో చెప్పారు. చాలాసేపు నవ్వాను. ఆ రాయికి మనుషులు ఉన్నారన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే నవ్వేవాణ్ణి కాదా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. జవాబు మీకు చెప్పదగ్గదిగా లేదు.

ఆ రాయికి ఉన్న మనిషి మాలకొండయ్య. గొర్రెల మంద ఉన్న పెద్దాయన. వాళ్ళింట్లో ఆ రాయిని తాత అనేవారు. ఏటా మొదట ఈనిన గొర్రె పాలు ముందు తాతకు పోసేవారు, తర్వాతే ఇంట్లోకి. ఊళ్ళో మిగతావాళ్ళకు అది రాయి. మామ దాని చుట్టూ ఇనుప కమ్మీలు పెట్టించాడు, తలుపు పెట్టించాడు, టౌను నుంచి పూజారిని పిలిపించాడు. మార్కాపురంలో పలకరాయికి కొరత లేదు కాబట్టి నా వాక్యాలన్నీ నల్లటి పలక మీద చెక్కించాడు. ఆ పలక మీద ఒక్క అక్షరదోషం లేదు. దోషం అక్షరాల్లో లేదు కాబట్టి.

తెల్లవారితే ప్రారంభోత్సవం. నేను ముఖ్య అతిథిని. ఆ సాయంత్రం మాలకొండయ్య బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. భుజాన కంబళి. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అయ్యోరా, ఆ రాయి కాడ పలక మీద రాసింది నువ్వేనంట గదా."

అవునన్నాను.

"అది మా తాత. మా నాయన పాలు పోసినాడు, వాళ్ళ నాయన పోసినాడు. రేపు తాళం యేస్తారంట. గొర్రె పాలు పనికిరావంట, ఆవు పాలు తెచ్చి బయట నిలబడమన్నారు. ఆవు పాలు మా తాతకేం తెలుసు అయ్యోరా?" అన్నాడు. నవ్వాడు కూడా. "నువ్వు ఒక్క మాట సెబితే ఆగుతుంది. పుస్తకాల్లో ఏముందో సూసి సెప్పు."

ఒక్క మాట. నా నోట్లో ఉండేవే మాటలు. నాకు మామంటే భయం లేదు, కాలేజీ ఉద్యోగం పోతుందన్న భయం కూడా లేదు. మరేంది? రోమన్ కథ తెచ్చి ఊరి నెత్తిన పెట్టానని తెలిస్తే, మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా జనం నన్ను చూసి నవ్వుతారు. నవ్వించి బతికేవాడికి అది చావుతో సమానం. ఇంత చిన్న కారణమా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది, ఇంకో పెద్ద కారణం కోసం చాలా ఏళ్ళు వెతికాను. దొరకలేదు.

"పుస్తకంలో అప్పయ్య పేరే ఉందన్నా," అన్నాను.

అది అబద్ధం కాదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. పుస్తకంలో నిజంగానే ఉంది. అది ఏ దేశం పుస్తకమో ఆయన అడగలేదు.

మాలకొండయ్య భుజం మీది కంబళి సర్దుకున్నాడు. తర్వాత అడిగాడు. "అట్లనా. అయితే ఒగటి సెప్పు. ఆయప్పకు సూపు పుట్టుకతోనే లేదా?"

"లేదన్నా, పెద్దయినాక పోయింది."

"ఎందుకు పోయినాది?"

ఆయన కూర్చోని కుర్చీని తీసి గోడవారకు జరిపాను.

"అంత రాసినోళ్ళు అది రాయకుండా పోతారా?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. "సరే, బస్సు పోతాది," అని వెళ్ళిపోయాడు.

ఎందుకు పోయిందో ఇప్పుడు మీకు చెబుతాను. రోములో ఒక వేల్పుకు తరతరాలుగా పూజ చేసే కుటుంబం ఒకటి ఉండేది. అప్పియస్ తన పదవీబలంతో ఆ పూజను వాళ్ళ చేతుల్లోంచి తీయించి పరాయి చేతుల్లో పెట్టించాడు. ఏడాది తిరిగేలోగా ఆ కుటుంబంలో ఎదిగిన మగవాడంటూ మిగల్లేదట. కొన్నేళ్ళకు అప్పియస్‌కు చూపు పోయిందట. ఈ ముక్క టీ కొట్టు దగ్గరే నాకు గుర్తొచ్చింది. ఓట్లకు పనికిరాదని వదిలేశాను. కథలోంచి వదిలేసిన ఆ ముక్కనే ఊళ్ళో నేను స్వయంగా జరిపించాను.

మర్నాడు వేదిక ఎక్కాను, శాలువా కప్పారు. కమ్మీల అవతల మాలకొండయ్య, చేతిలో చెంబుతో నిలబడి ఉన్నాడు. అందులో ఏ పాలో నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా శ్రమపడ్డాను.

ఆ ఎండాకాలం మందకు రోగం వచ్చింది. మిగిలినవి అమ్మేసి కొడుకులు కూలిపనులకు తలా ఒక దిక్కు వెళ్ళారు. వానలు పడేలోగా మాలకొండయ్య పోయాడు. గొర్రెలకు రోగాలు వస్తాయి, ముసలివాళ్ళు పోతారు, నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి, ఇలాంటివాటికి ముడిపెట్టను. మాలకొండయ్య ఇంటి తలుపుకు కొడుకులు వేసిన తాళం గురించి మాత్రం ఆ ఊరివాళ్ళు కలిసినప్పుడల్లా అడుగుతుంటాను, తీశారా అని. తీయలేదు.

ఇప్పుడు ఏటా అక్కడ తిరునాళ్ళ. దుకాణాలు పెడతారు. పిల్లలకు అప్పయ్య అని పేర్లు పెడుతున్నారు. వాళ్ళలో ఒకడు పెద్దవాడై, ఆ మధ్య నా క్లాసులోనే చేరాడు. హాజరు పిలుస్తూ ఆ పేరు దాటేశాను, అడిగితే కనబడలేదన్నాను.

పోయిన నెల నుంచి నాకు పక్కలు కనబడటం లేదు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, దాని చుట్టూ చీకటి కొంచెం కొంచెంగా దగ్గరికి జరుగుతోంది. ఒంగోలులో కళ్ళ డాక్టరు చుక్కల మందు వేసి, దీపం వేసి చూసి, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పాడు. తర్వాత మామూలుగా అడిగాడు.

"మీ వంశంలో ఎవరికైనా ఇలా చూపు పోయిందా?"

అది అందరినీ అడిగే ప్రశ్నేనట. నా నోటి దాకా అప్పయ్య పేరు వచ్చింది. ఎవరికీ పోలేదన్నాను. అప్పుడు కూడా.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను, కొంచెం పెద్ద అక్షరాలతో. రాస్తుంటే తేలికగానే ఉంది. ఇంత తేలికగా ఉండకూడదేమో. ఆ పలక మీద ఉన్నదంతా నా కల్పన. ఆ రాయి మాలకొండయ్య వాళ్ళ తాతది. ఆ తాత పేరు ఇక్కడ రాయాలని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నాకు తెలియదు. ఆ సాయంత్రం నేను అడగలేదు.