లైట్లు ఆరవన్నా!

ఆ రోజుల్లో అనగానే ఎడ్లబండ్ల కాలం దాకా వెనక్కి పోనక్కర్లేదు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేసి, కృష్ణపట్నం పోర్టు రోడ్డు మీద కంపెనీ కార్లు బారులు తీరి తిరుగుతున్న రోజులే. అయినా మా ఊళ్ళో ఆడపిల్ల కారు తోలడమంటే ఇంకా వింతే. మాది పోర్టుకి కాస్త ఎడంగా, ఉప్పుటేరు పక్కన చేపలు పట్టుకుని బతికే పల్లె. నేను నెల్లూరులో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంటే, మా అమ్మ దాన్ని దేవుడి పటం పక్కన పెట్టి రోజూ హారతి ఇచ్చేది. (పొగకి మసిబారి, అందులో నా ఫొటో చివరికి ఎవరిదో అన్నట్టు తయారైంది.) మా పెదనాయన మాత్రం మోపెడ్ మీద ఐసుపెట్టె కట్టుకుని చేపలమ్మడానికి పోతూ పోతూ మా గుమ్మం ముందు ఆగి మరీ చెప్పేవాడు. "ఆడపిల్లకి కారెందుకు మే? కాలవలో దించొస్తావు. అప్పుడు ఊరంతా వలలేసి తియ్యాల."

అటువంటి రోజుల్లో ఒక కంపెనీలో డ్రైవరు ఉద్యోగానికి పోతే, అక్కడి సూపర్వైజరు గారు నన్ను ఎగాదిగా చూసి, కొత్త తెల్లకారు తాళం చేతిలో పెట్టారు. "ముందు ఒక్క ట్రిప్పు చూద్దాం అమ్మా. నెల్లూరు నుంచి పెద్ద సారుని మీటింగు టైముకి పోర్టుకి చేర్చు. చేరిస్తే ఉద్యోగం నీదే."

సారుని ఎక్కించుకుని నెల్లూరు దాటానో లేదో, ఎదురొచ్చే బస్సు డ్రైవరు నన్ను చూసి చెయ్యి పైకెత్తి, వేళ్ళు ముడిచి తెరిచి, ముడిచి తెరిచి చూపించాడు. ఆ వెనకే వచ్చిన పాలబండాయనా అంతే. తర్వాత లారీ క్లీనరు, గడ్డిమోపు తీసుకుపోతున్న అవ్వ, బడికి నడిచిపోతున్న పిల్లల గుంపు, అందరూ చేతులెత్తి వేళ్ళాడించేవాళ్ళే. నాకు ఒళ్ళు పులకరించింది. ఆడపిల్ల కారు తోలుతుంటే జిల్లా మొత్తం ఇంతగా ఆశీర్వదిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మొదట తల ఊపాను. తర్వాత చిరునవ్వు నవ్వాను. కొంతదూరం పోయాక, ఎన్నికల్లో గెలిచినదాన్లా, ఒక చెయ్యి స్టీరింగు మీద నుంచి తీసి నమస్కారాలు కూడా మొదలుపెట్టాను.

వెనక సీట్లోని సారు చాలాసేపు చూసి, మెల్లిగా అడిగారు. "ఏమ్మా, ఈ రోడ్డంతా మీ చుట్టాలేనా?"

"అంతా మనోళ్ళే సార్" అన్నాను గర్వంగా.

ఆ గర్వం తర్వాతి సెంటరు దాకానే. అక్కడ ట్రాఫిక్ కానిస్టేబులు కారు ఆపించి, వంగి అద్దంలోంచి చూశాడు. "ఏమ్మా, పట్టపగలు లైట్లేసుకుని యాడికి? ఎంతమంది చెయ్యి చూపిస్తుండారు, కనపళ్ళా?"

(ఆ అవ్వ ఆశీర్వాదం కూడా లైట్ల గురించే అని తెలిసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ కాస్త ఉంది.) గబగబా లైట్ల మీట కోసం వెతికాను. ఒకటి తిప్పితే వైపర్లు ఆడాయి. ఇంకొకటి లాగితే అద్దం మీదికి నీళ్ళు చిమ్మి, సగం పోయి కానిస్టేబులు చొక్కా మీద పడ్డాయి. ఆయన తుడుచుకుని, "దిగమ్మా, నేనార్పతా" అని తనే ఎక్కి కూచున్నాడు. ఆయన వల్లా కాలేదు. అంతలో లారీ డ్రైవరొకడు దిగొచ్చాడు. కొబ్బరి బోండాలమ్మే ఆయన కత్తి పక్కన పెట్టి వచ్చాడు. టైర్ల షాపు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు ఎక్కడం, అన్నీ నొక్కడం, తల గోక్కుంటూ దిగడం. ఇంజను ఆపితే లైట్లు ఆరాయి. అందరూ చప్పట్లు కొట్టారు. స్టార్ట్ చేస్తే మళ్ళీ వెలిగాయి. "అయితే ఇంజనాపేసి పోర్టు దాకా తోసకపోదాం" అని ఎవరో సలహా ఇచ్చారు కూడా.

సరిగ్గా అప్పుడే గుంపుని చీల్చుకుంటూ మా పెదనాయన మోపెడ్ వచ్చి ఆగింది. ఆయన నన్ను చూశాడు, పోలీసుని చూశాడు, లైట్లని చూశాడు. "నేను చెప్పలా? తంటాలు పడమాకండి, ముందు బాటిరీ వైరు పీకండి" అంటూ చేపల చేత్తోనే బానెట్టు మీద చెయ్యేశాడు. మేస్త్రీ కూడా స్పానరు తీశాడు.

సారు గడియారం చూసుకున్నారు. ఆ చూపుకి నాలో ఏదో తెగింది. అప్పటిదాకా మా పెదనాయన ముందు గొంతెత్తి మాట్లాడిందాన్ని కాదు. "ముట్టుకోమాక పెదనాయనా!" అని అరిచాను. "ఇది నాకిచ్చిన బండి. మంచైనా చెడైనా నేనే చూసుకుంటా." బానెట్టుకి అడ్డంగా నిలబడి సూపర్వైజరు గారికి ఫోన్ చేశాను.

"ఆ లైట్లు ఆరవమ్మా" అన్నారాయన. "కొత్త మోడలు కదా, పగలైనా బండి స్టార్ట్ చేస్తే వాటంతటవే వెలుగుతాయి, ఆపితేనే ఆరేది. స్విచ్చి ఉండదు. నీకు చెప్పలేదా?"

"లేదు సార్."

"నాకూ నిన్ననే తెలిసిందిలే."

ఫోను స్పీకర్లో పెట్టి ఆ మాటలు మళ్ళీ చెప్పించాను. అప్పుడు కానిస్టేబులు తడిచొక్కా సర్దుకుని, "మొదలే చెప్పొచ్చు కదమ్మా" అని, ఈల ఊది జనాన్ని పక్కకి తోశాడు. ఆ సందులోంచి, బోండాల బండికీ మోపెడ్‌కీ మధ్య నుంచి, అటూ ఇటూ జానెడే ఖాళీతో, గీత పడకుండా కారు బయటికి తీశాను. మీటింగుకి కాస్త ముందే చేరాం. గేటు దగ్గర సారు దిగుతూ, అక్కడ ఎదురుచూస్తున్న సూపర్వైజరు గారితో అన్నారు. "ఈ అమ్మాయిని వదులుకోవద్దు. లైట్లు ఆర్పడం ఎవరికీ రాలేదు గానీ, అందరి మధ్య నుంచి బండి తీయడం ఈమెకి వచ్చు."

మర్నాడే కారు ముందు 'లైట్లు ఆరవన్నా!' అని పెద్దక్షరాలతో కాగితం అంటించాను. అయినా చేతులెత్తేవాళ్ళు ఎత్తుతూనే ఉన్నారు. మా పెదనాయన మాత్రం చేపలతోపాటు ఊరూరా కథ కూడా మోశాడు. "మా పిల్ల కారు లైట్లు పోలీసోళ్ళు కూడా ఆర్పలేకపోయినారు, తెలుసునా!"

కానీ ఆ రోజు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇంటికి బస్సులో తిరిగొచ్చిన సాయంత్రం. సీట్లు ఖాళీ ఉన్నా కూచోకుండా, డ్రైవరు పక్కనే రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. ఒక మలుపు దగ్గర ఉండబట్టలేక, "అన్నా, గేరు రొంత ముందే మార్చుంటే బాగుండేది" అన్నాను. తల నెరిసిన మనిషి, ఆ రోడ్డు మీదే బతుకంతా గడిపినవాడు, కోపం తెచ్చుకోలేదు.

"కొత్తగా ఉజ్జోగమొచ్చిందామ్మా?" అన్నాడు.

"ఎట్టా తెలిసిందన్నా?"

ఆయన నవ్వి, నా మాట మన్నించినట్టు, తర్వాతి మలుపులో గేరు ముందే మార్చాడు. నేను సరేనన్నట్టు తల ఊపాను. ఇప్పుడు నేను కొత్తవాళ్ళకి డ్రైవింగు నేర్పుతున్నాను. లైసెన్సు చేతికొచ్చిన మర్నాడే నాకు గేర్ల గురించి చెప్పే పిల్లలు అప్పుడప్పుడూ తగులుతుంటారు. "అట్టాగేనమ్మా" అని వాళ్ళు చెప్పినట్టే మారుస్తాను.