శాంపిల్ డబ్బాలో పెరుగన్నం

ఎనిమిదేళ్లుగా ఒక చిన్న స్టీలు డబ్బా బరువు మోస్తున్నాను. అందులో పట్టేది గుప్పెడు పెరుగన్నం. దాన్ని నా చేతులతోనే తొట్టిలో పారబోశాను, డబ్బా తోమి తుడిచి పెట్టాను, అయినా నా వరకు అది ఖాళీ కాలేదు. మా ఆయనకు చెప్పలేదు. గుడికి వెళ్లినప్పుడు దేవుడికి కూడా చెప్పలేదు, ఆయనకు తెలిసే ఉంటుందిలే అని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కాస్త సులువుగా ఉంది.

నేను ఉత్తర చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వంటగదికి ఇన్‌ఛార్జిని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నాకు శుభ్రం పిచ్చి. నా కంట పడకుండా ఒక వెంట్రుక కూడా ఆ గది దాటదని నర్సులు వేళాకోళం చేసేవాళ్లు. పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల మురిసిపోయేదాన్ని. వేడిది వేడిగానే ఉండాలి, చల్లనిది చల్లగానే ఉండాలి, గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నదేదీ రోగి దగ్గరికి పోకూడదు. ఈ మాటలు తమిళంలో రాయించి పొయ్యి పక్క గోడకు అంటించింది నేనే.

ఇంకో నియమం కూడా ఉంది. పూటపూటా వడ్డనకు ముందు ప్రతి వంటకంలోంచీ కాస్త తీసి స్టీలు డబ్బాలో పెట్టి, చీటీ అంటించి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాలి. తిన్నవాళ్లకు ఏదైనా తేడా చేస్తే ఆ డబ్బా పరీక్షకు పోతుంది. మనం అబద్ధం చెప్పినా డబ్బా చెప్పదని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేదాన్ని.

ఆ ఏడు మే నెల కత్తిరి ఎండల్లో పెరుగన్నం మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. కింద కలిపింది పై అంతస్తుకు చేరేలోపే పులుస్తోంది. ఒక పెద్దాయన నోట్లో పెట్టుకుని కప్పు వెనక్కి పంపించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో రైలు ప్రయాణాలకు అమ్మ ఏం చేసేదో గుర్తొచ్చింది. వెచ్చటి అన్నంలో పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు తోడు వేసి మూత పెట్టేది. మధ్యాహ్నం మూత తీస్తే కమ్మగా తోడుకుని ఉండేది, పులుపు ఉండేది కాదు. అదే చేద్దామన్నాను. ఇంటి డబ్బాలో నలుగురికి కలిపేది వేరు, గంగాళంలో నూరు మందికి కలిపేది వేరు అని నాకు తెలియదా? తెలుసు. చదువుకున్నాను. కానీ అమ్మ చేతి వంట అనేసరికి చదువు పక్కకు జరిగింది.

అడ్డు చెప్పింది ఒక్క మేరక్క. అసలు పేరు మేరమ్మ, తొండియార్‌పేట మనిషి. నాకన్నా ఐదారేళ్లు పెద్దది, ఆ వంటగదిలో నాకన్నా ముందు నుంచీ ఉంది. గంగాళం మూత పెడుతుంటే గోడ మీది కాగితం వైపు గడ్డం ఎత్తి చూపించింది. తను మాత్రం మజ్జిగ వేసి అన్నం కలిపి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టిద్దామంది. నేను నవ్వి ఊరుకున్నాను. మూడు వారాలు అందరూ మెచ్చుకున్నారు. రోగులు రెండో కప్పు అడిగారు. ఆ మెప్పు నాకు బాగా ఎక్కింది.

ఆ రోజు పొద్దున మేరక్క వచ్చీ రాగానే తన బొటనవేలు చూపించింది. ఇంట్లో కత్తిపీటకు తెగితే కట్టు కట్టుకుంది. గాయంతో ఉన్నవాళ్లు తిండి ముట్టకూడదు. పని పట్టీలో ఆమెకు ఆడవాళ్ల వార్డు వడ్డన రాసి ఉంది. అది కొట్టేసి వేరే పేరు రాయడానికి బద్ధకించి, నోటితోనే చెప్పాను, నువ్వు గిన్నెలు చూసుకో అక్కా, వడ్డన నేను చూసుకుంటానని. ఆమె వెనక తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది.

అన్నం తెల్లవారి ఆరింటికే ఉడికింది. ఎనిమిదింటికి నేను పాలు పోసి కలిపాను. హడావుడిలో పాలు మరీ వేడిగా పోసినట్టున్నాను, తోడు చచ్చిపోయింది. పన్నెండున్నరకు మూత తీస్తే అన్నం తోడుకోలేదు, పలచగా, నులివెచ్చగా ఉంది. వాసన చూశాను. బాగానే ఉంది, అయినా అనుమానం వచ్చింది. అప్పుడే పారబోసి ఉంటే ఆ పూట ఒక్క పెరుగన్నం లేకపోయేది, అంతే. నేను ఫ్రిజ్‌లోంచి గట్టి పెరుగు తెచ్చి పైన కలిపి, చిక్కగా కనబడేలా చేసి, శాంపిల్ తీసి, ఆ పూట పెరుగన్నం రాసి ఉన్న ఒక్క ఆడవాళ్ల వార్డుకు కప్పులు నేనే నింపాను.

మూడింటికి వాంతులు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరికి. అందరూ పెరుగన్నం తిన్నవాళ్లే. ఎవరూ చనిపోలేదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. కానీ రెండు రోజుల ముందు ఆపరేషన్ అయిన ఒకామెకు వాంతుల ఒత్తిడికి కుట్లు ఊడిపోయి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు. స్ట్రెచర్ మీద వెళుతూ ఆమె పళ్లు బిగించి మూలుగుతున్న శబ్దం నేను విన్నాను. నాకు ఆ నిమిషంలోనే అంతా తెలిసిపోయింది. అనుమానం అన్న మాటే లేదు.

నాలుగింటికి శాంపిళ్లు తీసుకెళ్లడానికి వస్తామని పైనుంచి ఫోన్ వచ్చింది. వంటవాళ్లు టీకి వెళ్లారు. నేను ఫ్రిజ్ తెరిచి పెరుగన్నం డబ్బా తీశాను. పారబోశాను. కడిగాను. చల్లటి అన్నం, మంచి పెరుగు కలిపి నింపాను. చీటీ చెడకుండా తీసి మళ్లీ అదే అంటించాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. అంత తొందరగా అయిపోవడం నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

పరీక్షలో డబ్బా శుభ్రంగా ఉందని తేలింది. గంగాళంలో లేని దోషం వడ్డించే చేతిలో ఉండాలన్నారు. పని పట్టీ చూశారు, అందులో మేరక్క పేరు ఉంది. ఆమె వేలు చూశారు, దానికి కట్టు ఉంది. ఈ గాయం సంగతి ఆమె మీకు చెప్పిందా అని నన్ను అడిగారు. నేను గుర్తు లేదన్నాను. చెప్పలేదని అనలేదు. అలా అనకపోవడం వల్ల నేను కాస్త మంచిదాన్నేనని ఎన్నాళ్లో నమ్మాను. ఎంత తెలివి చూడండి!

మేరక్కను మానిపించేశారు. ఏప్రన్ మడతపెట్టి ఇవ్వడానికి స్టోర్ రూమ్‌కు వచ్చింది.

"మేడమ్, ఆ పొద్దు నేను అన్నం ముట్టలేదు గదా. మీరే గదా ఆడికి పొయ్యి గిన్నెలు తోముకోమన్నారు. పైన ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పానక్కా. వాళ్లు వినలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. కళ్లు తుడుచుకుంది.

"పరవాయిల్ల మేడమ్. ఇంతమందిలో మీరొక్కరన్నా నా కోసం చెప్పినారే. అది చాలు నాకు."

నా చేయి రెండు చేతులతో పట్టుకుని, వెళ్లిపోయింది. కట్టు ఉన్న వేలు నా అరచేతికి తగిలింది. గుర్తు లేదన్నదాన్ని, ఇది మాత్రం ఎంత బాగా గుర్తుందో.

తర్వాత ఏ వంటగదీ ఆమెను తీసుకోలేదని విన్నాను. రోగులకు విషం పెట్టిందన్న మాట తొండియార్‌పేట దాకా పాకింది. ఒక కల్యాణ మండపంలో గిన్నెలు తోమే పనికి కుదిరింది. పోయిన ఏడాది వాషర్‌మెన్‌పేట్ బజారులో బట్టల కొట్టు ముందు కనబడింది. పక్కనే కోడలు, మనవరాలు ఉన్నారు. ఆ రోజు తన కోసం మాట్లాడిన మేడమ్ ఈమేనని కోడలికి చూపించింది. మనవరాలు ఆకలని మారాం చేస్తోంది. మేరక్క సంచిలోంచి ఇడ్లీ డబ్బా తీసింది. డబ్బాతో పాటు ఒక జత ప్లాస్టిక్ గ్లవుజులు కూడా తీసి, రెండు చేతులకూ తొడుక్కుని, అప్పుడు ఇడ్లీ తుంచి బిడ్డ నోట్లో పెట్టింది.

ఇంట్లో కూడా ఇంతేనండి, వద్దన్నా వినదు అని కోడలు విసుగ్గా నవ్వింది. మేరక్క మాత్రం మామూలుగా చెప్పింది, ఆ రోజు అన్నం ముట్టలేదు గానీ గరిటెలు కడిగింది తనే గదా, ఆ వేలి నుంచే ఏదో అంటుకుని ఉంటుందని. చర్చి విందులో కూడా ఇప్పుడు వంట దగ్గరికి వెళ్లదట. నేను ఆమె ఉద్యోగం ఒక్కటే తీశాననుకున్నాను. తన చేతుల మీద ఆమెకున్న నమ్మకం కూడా తీసేశానని అక్కడ, ఆ ఎండలో, బట్టల కొట్టు ముందు తెలిసింది. అప్పుడైనా చెప్పానా? ఆలస్యమైందని చెప్పి బస్సెక్కాను.

మేరక్క ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, కానీ చదివింది తమిళం, తెలుగు అక్షరం రాదు. ఈ సంగతి తెలిసే నేను దీన్ని తెలుగులో రాస్తున్నానా? అయ్యుండొచ్చు. ఆమె తప్ప అందరూ చదవగలిగేలా రాయడం కూడా నాకు తగిన పనే. ఈ కాగితాలు ఆమె చేతికిచ్చి ప్రయోజనం లేదు. ఎదురుగా కూర్చుని నేనే చదివి వినిపించాలి. వినిపిస్తానని మీకు మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో మీరిప్పుడు చూశారు.

కానీ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పూర్తిగా అనని వాక్యాలు ఇవాళ రాయగలిగాను, రాసినంతసేపూ ఊపిరి బాగా ఆడింది. ఆ అన్నం కలిపింది నేను. చెడిందని అనుమానం వచ్చాక పెరుగు కలిపి కప్పులు నింపింది నేను. డబ్బా మార్చింది నేను. మేరక్కా, గరిటెలు నువ్వు శుభ్రంగానే కడిగావు.