ఎడమ వైపు ఉండాల్సిన పిడి

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. మెట్ల కింద గదిలో దుకాణం. లోపలికి వెళ్ళాలంటే తల వంచాలి, బయటికి వచ్చేటప్పుడు ఆ సంగతి మర్చిపోయి నుదురు కొట్టుకోవాలి. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే ఆయనకి చిన్న నూనెడబ్బా ఉండేది. అందుకే వీధిలో వాళ్ళు ఆయన్ని నూనెడబ్బా అనేవాళ్ళు. ఆయనకి కోపం వచ్చేది కాదు. "డబ్బా అన్నారు గానీ ఖాళీ డబ్బా అనలేదుగా" అని నవ్వేవారు.

మెత్తని మనిషి. గట్టిగా అరవగా నేను విన్నది ఒక్కసారే. మా అత్తగారు పోయినప్పుడు ఆయన చెల్లెలు, అంటే నా ఆడపడుచు, నేను ఆవిడకి సరిగా తిండి పెట్టలేదని చుట్టాలందరి ముందూ అనేసింది. మంచాన పడ్డ మనిషికి చెంచాతో తినిపించి, పక్కబట్టలు మార్చి, ఒళ్ళు తుడిచిన చేతులు నావి. ఆయనే లేచి, "ఈ జన్మలో ఇంక నీ మొహం చూడను, పో" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. ఎవరేమన్నా నా పక్కన ఒక మనిషి ఉన్నాడు కదా అనుకున్నాను.

ఆదివారం తెల్లారితే ఆయన సముద్రం ఒడ్డున రాళ్ళగట్టు మీదికి చేపలు పట్టడానికి పోయేవారు. గాలం తీగ చుట్టే పాత రీలు ఉప్పు తిని బిగుసుకుపోయాక, కర్రతో సహా కొత్తది కొనడానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. దుకాణం అతను రకరకాల కర్రలు తీసి చూపించాడు. గట్టు మీద నుంచి దూరం విసరడానికి పొడుగుది, పడవలు ఆగే జెట్టీ మీద నిలబడి వెయ్యడానికి పొట్టిది, ఏరు సముద్రంలో కలిసే చోటికి సన్నది.

"ఇవన్నీ ఒక్క కర్రే చెయ్యాలయ్యా" అన్నారు మా ఆయన.

"అలా ఎలా కుదురుతుంది సార్? ఒక్క జత చెప్పులతో పెళ్ళికీ వెళ్ళి, బురదలోకీ దిగుతారా?"

"దిగుతాను. ఇదిగో, వేసుకొచ్చినవి అవే."

దుకాణం అతను నవ్వేసి ఏడడుగుల కర్ర ఒకటి తీశాడు. మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉంది. చిన్న చేప ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది, పెద్దది లాగినా విరగదు అన్నాడు. మా ఆయన కొస పట్టుకుని వంచి చూశారు. రీలు విషయంలో ఇంకా సతాయించారు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, ఎక్కడైనా గరగరమంటుందేమో అని విన్నారు. మిషన్లు బాగుచేసే చెవి కదా. లోపలికి ఉప్పునీళ్ళు దూరకుండా రబ్బరు బిగించినదే తీసుకున్నారు. తర్వాత కర్ర నా చేతికిచ్చారు.

"పట్టుకో. బరువుందా?"

"నాకెందుకండీ?"

"నీకూ నేర్పుతానే. ఇద్దరికీ సరిపోయేదే కొంటున్నా."

తిప్పే పిడి ఏ వైపు బిగించమంటారు అని అడిగాడు దుకాణం అతను. కుడిచేత్తో కర్ర పట్టి విసిరేవాళ్ళకి ఎడమ వైపు ఉండాలట. ఎడమచేతి వాటం వాళ్ళకి కుడి వైపు. మర విప్పి ఎటు కావాలంటే అటు మార్చుకోవచ్చు. మా ఇద్దరిదీ కుడిచేతి వాటమే. ఎడమ వైపు బిగించాడు.

నేర్పడం మాత్రం జరగలేదు. ఒక వారం వాన. ఒక వారం సముద్రం పోటు ఎక్కువ. ఇంకో వారం రాళ్ళ మీద పాచి, జారి పడతావు అన్నారు. నా మీద ప్రేమ అనుకున్నాను. వచ్చాక మాత్రం రీలు మంచినీళ్ళతో కడిగి, తుడిచి, జేబులోంచి డబ్బా తీసి చుక్క నూనె వేసేవారు. "ఉప్పుని ఒక్క పూట వదిలేస్తే చాలే, తినేస్తుంది" అనేవారు.

ఒక ఆదివారం ఆ గట్టు మీదే గుండె పట్టేసింది. ఎవరో ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. నేను వెళ్ళేసరికి అయిపోయింది. గట్టు దగ్గర టీ అమ్మే అతను ఆ కర్ర తెచ్చి గుమ్మంలో పెట్టి పోయాడు. అయినవాళ్ళెవరూ పక్కన లేకుండా పోయారే అని, అదొక్కటే తలుచుకుని ఏడ్చేదాన్ని.

కొన్నాళ్ళకి, ఆయన లేకపోయినా ఆయన వస్తువు తుప్పు పట్టకూడదని నూనెడబ్బా పట్టుకుని కూర్చున్నాను. పిడి కుడి వైపు ఉంది.

టీ అతన్ని అడిగాను, నువ్వేమైనా విప్పావా అని.

"నేనెందుకు విప్పుతానమ్మా? సార్ చెల్లెలుగారు ఎడమచేత్తో కదా విసిరేది. ఆవిడ వచ్చాక మార్చేవారు, ఆవిడ వెళ్ళాక మళ్ళీ మార్చేవారు. ఆ రోజు ఆటో పిలిచింది కూడా ఆవిడే. మీకు తెలీదా?"

తెలుసు అన్నాను. ఇంకేమనను?

ఆవిడ ఇప్పటికీ వచ్చి కూర్చుంటుందని కూడా అతనే చెప్పాడు. ఆదివారం కర్ర తీసుకుని వెళ్ళాను. గట్టు చివర రాయి మీద ఉంది. నన్ను చూసి లేచింది.

"వదినా..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఈ కర్ర కొన్నప్పటి నుంచి. నేనే ఏడ్చి బతిమాలాను. వదిన కాళ్ళు పట్టుకుంటానన్నాను. అన్నయ్యే, దానికి తెలియకూడదన్నాడు."

"అమ్మకి తిండి పెట్టలేదన్న మాట వెనక్కి తీసుకున్నావా, ఆయన దగ్గర?"

తల వంచుకుంది. "ఆ ఊసు మేమెప్పుడూ ఎత్తలేదు."

అంటే ఆ మాట అలాగే ఉంది. దాన్ని పక్కన పెట్టుకునే ఇద్దరూ చేపలు పట్టారు.

"చివర్లో ఏమన్నారు?"

నన్ను దాటుకుని వెళ్ళబోయింది. నేను కదల్లేదు.

"పిడి మార్చెయ్యవే అన్నాడు వదినా. ఇంటికెళ్తే నువ్వు చూస్తావని. అన్నయ్యని పట్టుకోనా, మర తిప్పనా నేను?"

ఆయన ఆఖరి మాటలో నేను ఉన్నాను. లేకపోయినా బాగుండేది.

అక్కడే మర విప్పి పిడి ఎడమ వైపుకి మార్చాను. కుడిచేత్తో విసిరాను. ఎవరూ నేర్పలేదు కదా, తీగ కాళ్ళ ముందే రాళ్ళ మధ్య పడి ఉండచుట్టుకుంది.

"ఇటివ్వు వదినా, చిక్కు నేను తీస్తా." ఎడమచెయ్యి చాపింది.

"వద్దు."

రాయి మీద కూర్చుని ఒక్కదాన్నే తీశాను. పోటు పెరిగి నీళ్ళు నా చెప్పుల మీదికీ, రీలు మీదికీ వచ్చాయి. ఆవిడ వెళ్ళనూ లేదు, దగ్గరికి రానూ లేదు. చిక్కు విడలేదు. అలాగే ఇంటికి తెచ్చి తలుపు మూల నిలబెట్టాను.

మంచినీళ్ళతో కడగలేదు. నూనె వెయ్యలేదు.