వాస్తవం పేరుతో నల్లరంగు

మెలోడ్రామా అంటే నాకు ఒళ్ళు మంట. గుండెలు బాదుకునే ఏడుపులు మనిషి ఆలోచనని చంపేస్తాయని సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. తొంభైల్లో ఒక ఆదివారం గుడివాడ ఫిల్మ్ క్లబ్బులో పాత అమెరికా మూకీ సినిమా వేసేదాకా నాది అదే వాదన.

తెరమీద నల్లవాడు దుర్మార్గుడు. తెల్లపిల్ల వణికిపోతోంది. రక్షకులు గుర్రాల మీద దూసుకొస్తున్నారు. హాలంతా ఈలలు, నేనూ కుర్చీ అంచుకి జరిగి చప్పట్లు కొట్టాను! అంతలో ఆ దుర్మార్గుడి ముఖం దగ్గరగా చూపించారు. చెమటకి చెవి పక్కన రంగు కారి తెల్లతోలు బయటపడింది. తెల్లవాడే నల్లరంగు పూసుకున్నాడు!

నా పక్కన మా నాటక దర్శకుడు, నేను బావా అని పిలిచే మనిషి. ఆ పక్కన దివిసీమలో కోడూరు దగ్గరి చేపలవాళ్ళ ఇంటి నుంచి వచ్చిన టీచరమ్మ. బందరు నాటక పోటీలకి నేను రాసిన నాటకంలో కథానాయిక దివిసీమ జాలరి ఆడది. ఆ వేషం మీద టీచరమ్మ ప్రాణం పెట్టుకుంది. బావ మాత్రం ఒక తెల్లటి నటిని తెచ్చి నల్లరంగు పూయిస్తానన్నాడు. పోటీ నాటకాల్లో అది ఆనవాయితీ. టీచరమ్మకి తెర చాటు నుంచి మాటలందించే ప్రాంప్టింగు మిగిలింది.

బయట టీకొట్టు దగ్గర బావని పట్టుకున్నాను.

"చూశావా బావా? అక్కడా నీలాంటివాడే."

"వాస్తవంగా ఉండాలనే కదయ్యా రంగు!"

"వాస్తవం నీ ఎదురుగా నిలబడి టీ తాగుతోంది."

టీచరమ్మ ఫక్కున నవ్వింది. బావ ముఖం ముడుచుకున్నాడు. "ఆవిడకి ఏడుపు రాదు. పడవ మునిగిన సీన్లో నోరు మూసుకు నిలబడుతుంది."

"గట్టిగా ఏడిస్తే మెలోడ్రామా అని రచయితగారే అన్నారండి. మావాళ్ళు ఎలా ఏడుస్తారో చూస్తారా?"

టీచరమ్మ గ్లాసు పక్కన పెట్టి కూలబడింది. నేల చరుస్తూ పోయినవాణ్ణి పిలిచింది, తిట్టింది, చేపల పులుసు చల్లారిపోతోంది రమ్మని బతిమాలింది. బస్సు దిగినవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందమ్మా?"

"రిహార్సలండి," అంది చీర దులుపుకుంటూ.

ఎగిరి గంతేశాను! అబద్ధం ఏడుపులో లేదు. ఎవరి ముఖం మీద ఎవరు రంగు పూసి మనల్ని ఏడిపిస్తున్నారన్న దాంట్లో ఉంది. కళ్ళు తుడుచుకుంటూ బావ, "వేషం నీదేనమ్మా," అన్నాడు.

బందరులో మేకప్ మాస్టారు పెట్టె తెరిచి తల గోక్కున్నాడు. గులాబీ రంగుంది, నలుపుంది. ఆవిడ చాయకి తగ్గది లేనే లేదు.

"ఏం పుయ్యనండీ?"

"ఏం వద్దండి."

ముఖం కడుక్కుని స్టేజీ ఎక్కింది.