జూమ్ లేని కెమెరాతో చల్లపల్లి కాలువ గట్టుకి

కెమెరా కొన్న కోపం చల్లారకముందే ఈ ప్రయాణం పడింది. జేబులో పట్టే కెమెరా, లోపల పెద్ద కెమెరాల్లో ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, ముందు ఊడదీయడానికి వీల్లేని ఒకే ఒక్క లెన్సు. ధర చెబితే ఇంట్లో గొడవవుతుంది. నాలుగు స్కూటర్లు వస్తాయనుకోండి. విజయవాడ షాపులో “జూమ్ ఎక్కడుందండీ?” అని అడిగితే, “లేకపోవడమే దీని లగ్జరీ అండీ. దీనికోసం జనం నెలల ముందే పేర్లు రాయించుకుంటున్నారు” అన్నాడు సేల్స్ అతను. ఉప్పు వెయ్యని పప్పుకి ఎక్కువ రేటు చెప్పినట్టుంది. అయినా కొన్నాను. జనం వరసలో నిలబడ్డారంటే అక్కడేదో ఉంటుందనుకునే బుద్ధి నాకూ ఉంది. అసలు మంట అదే.

ఆ వారమే సుగుణమ్మ గారు ఫోన్ చేశారు. కాలేజీ హాస్టల్లో మూడేళ్ళు నాకు వండిపెట్టిన మనిషి, ఇప్పుడు చల్లపల్లి దగ్గర సొంతూళ్ళో ఉంటున్నారు. “అమ్మాయ్, ఆదివారం కాలువలో నా బాప్తిస్మం. కెమెరా కొన్నావంటగా, ఒక్క ఫొటో తియ్యి” అన్నారు. వాళ్ళాయన, బాబాయి గారు, ఏమంటున్నారని అడిగాను. “రానన్నాడు. చిన్నప్పుడే మన క్యాథలిక్ గుళ్ళో ఫాదర్ గారు నెత్తిన నీళ్ళు పోశారుగా, మళ్ళీ మునగడమేంటని వారం నుంచీ మాటల్లేవు. నలభై ఏళ్ళలో నేను ఏ పనికెళ్ళినా పక్కనుండేవాడు. వస్తాడేమో చూడాలి.”

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి విజయవాడ బస్టాండులో అవనిగడ్డ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా రెండు గంటల దారి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు లేదు, మగవాళ్ళకి వంద రూపాయల చుట్టుపక్కల అవుతుంది. చల్లపల్లి సెంటర్లో ఇడ్లీ తిని నూట యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. ఫొటోలు తీయడానికి వచ్చానంటే డ్రైవర్ నా చేతులకేసి చూశాడు. “కెమెరా ఏదండీ?” తీసి చూపించాను. “ఇదాండీ? మా మేనల్లుడి పెళ్ళికి ఇంత లావుది తెచ్చారండీ” అని మోచెయ్యి దాకా కొలిచి చూపించాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనే మాట నా నోటిదాకా వచ్చి ఆగింది.

రేవు దగ్గర తెల్లచీరల్లో నలుగురు నిలబడి ఉన్నారు. గట్టు మీద పాటలు మొదలయ్యాయి. నేను చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగబోతే పాస్టర్ గారు ఆపేశారు. “గట్టు మీంచే తియ్యమ్మా. పోయినసారి ఒక ఫొటోగ్రాఫర్ దిగి, సరిగా రాలేదండీ, ఇంకొక్కసారి ముంచండి అన్నాడు.” ఆయన్ని ఏమనగలను? బాప్తిస్మానికి రీటేక్ అడిగిన ఆ మహానుభావుడి మీదా, నాకు ఈ కెమెరా అంటగట్టిన సేల్స్ అతని మీదా ఒళ్ళు మండిపోయింది. సుగుణమ్మ గారు దిగేముందు కూడా బాట వైపే చూశారు. ఎవరూ రాలేదు. నడుంలోతు నీళ్ళలో ఆవిడ మునిగి లేచిన క్షణం నొక్కాను. తెరమీద చూస్తే పాస్టర్ గారూ ఆవిడా కలిపి నా గోరంత ఉన్నారు.

తల తుడుచుకుంటూ వచ్చిన ఆవిడకి క్షమాపణ చెప్పుకుంటూ ఫొటో పెద్దది చేశాను. అంత దూరంనుంచి తీసినా కనురెప్పల మీది నీటిచుక్కలు కనిపించాయి. ఆవిడ ముఖం చూసుకోలేదు. “ఇటు జరుపు. వెనకాల ఆ వంతెన మీదకి.” జరిపాను. సైకిల్ ఆనించి ఎవరో నిలబడి ఉన్నారు.

“ఆయనే. ఇంకా పెద్దది చెయ్యి.” చేశాను. “చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు చూశావా?”

తలెత్తి చూస్తే వంతెన ఖాళీగా ఉంది. “అడుగుతారా?” అన్నాను. “వద్దులే. అడిగితే గేదెని వెతుక్కుంటా వచ్చానంటాడు” అని తువ్వాలుతో కళ్ళు కూడా తుడుచుకున్నారు.

తిరుగు బస్సులో నా కోపం తగ్గలేదు. జూమ్ ఉంటే ఆవిడ ముఖం దాకా లాగి, ఆ మనిషిని వదిలేసేదాన్ని, నిజమే. కానీ ఆ సంగతి చెప్పి అమ్మలేదు కదా వాళ్ళు. లేనిదాన్ని గొప్పగా చూపించి, దొరకదని భయపెట్టి అమ్మారు. అంత డబ్బు పెట్టలేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు, మామూలు కెమెరాతో కాస్త వెడల్పుగా తీసుకోండి చాలు.

ఒక్క సలహా. ప్రింటు వేయించేటప్పుడు దగ్గరే నిలబడండి, అంచులు అడక్కుండా కత్తిరించేస్తారు. మా షాపతను మౌస్ పట్టుకుని, “ఎవరో దారినపోయే ఆయన పడ్డాడండీ, తీసేస్తున్నాను” అన్నాడు. ఆయన కోసమే ప్రింటు వేయిస్తున్నానని గట్టిగానే చెప్పాను.