సర్వపిండికి లైసెన్సు

ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నీ నా ఉపన్యాసం కోసమే ఎదురుచూస్తున్నాయని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ రెండో సంవత్సరం. వక్తృత్వ పోటీల్లో గెలిచిన స్టీలు గ్లాసులు ఇంటి నిండా ఉండేవి (నీళ్లు తాగడానికి మా పెద్దమ్మ మాత్రం పాత ఇత్తడి చెంబే వాడేది). చలికాలం పొద్దున్నే వరంగల్ వీధులు మంచులో సగం కరిగిపోయి, ఎక్కడినుంచో మిరప ఘాటు తేలివస్తుంటే, అరుగు మీద కూర్చుని కలలు కనేదాన్ని. ఆ కలల్లో జనం చప్పట్లు కొడుతూనే ఉండేవారు.

అప్పుడే పక్కింటి నర్సన్న మీద ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు కూలాయి. కాలు రెండుచోట్ల విరిగింది. లోపల రాడ్డు వేయకపోతే ఇక నడవలేడని దవాఖానలో చెప్పేశారు. హమాలీకి కాలు లేకపోతే ఇంట్లో పొయ్యి లేనట్టే. వాడకట్టు ఆడవాళ్లంతా కూడబలుక్కుని, ఆదివారం గుడి ముందు సర్వపిండి అమ్మి ఆ పైకం నర్సన్నకు ఇద్దామనుకున్నారు. ఇంతలో మున్సిపాలిటీ జవాను వచ్చి, లైసెన్సు లేకుండా వండిన తిండి అమ్మితే పొయ్యితో సహా ఎత్తుకుపోతామని చెప్పి వెళ్లాడు. లైసెన్సు రావాలంటే నెల పడుతుందట. నర్సన్న కాలు నెల ఆగదు.

"జర నువ్వు మాట్లాడు బిడ్డా, నీకు పుస్తకాల భాష వస్తది గద" అంది పెద్దమ్మ. అంతకన్నా ఏం కావాలి! కరుణ గురించి, చట్టం గురించి దారి పొడవునా మనసులో వల్లె వేసుకుంటూ ఆమెతో ఆఫీసుకు వెళ్లాను. కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు తల ఎత్తకుండానే "ఏం అమ్ముతారండీ?" అన్నారు.

"సర్వపిండి సారూ."

"పిండా?"

"పిండే సారూ."

"వండింది కాదన్నమాట. పిండికి లైసెన్సెందుకమ్మా! వెళ్లి అమ్ముకోండి" అని అక్కడే కాగితం మీద 'పిండి, అభ్యంతరం లేదు' అని రాసిచ్చేశారు. సర్వపిండి అంటే బియ్యప్పిండిలో పల్లీలు, శనగపప్పు, కారం కలిపి, సర్వ అనే గుండ్రటి గిన్నె లోపల చేత్తో అద్ది కాల్చేదని, అది పిండి కాదని వివరించబోయాను (తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది). పెద్దమ్మ నా కాలు తొక్కింది. గట్టిగానే.

ఆదివారం అమ్మకం జోరుగా సాగుతుండగా ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా వచ్చారు. సర్వలోంచి ఎర్రగా కాలి వస్తున్నదాన్ని చూసి నిలబడిపోయారు. "ఇదా పిండి?" అన్నారు. సమయం రానే వచ్చిందని గొంతు సవరించుకుని "గౌరవనీయులైన..." అన్నాను. పొయ్యి దగ్గరి కారం ఘాటు గొంతులోకి పోయి, మిగతా ఉపన్యాసమంతా దగ్గుగానే వెలువడింది. పెద్దమ్మ మాత్రం వేడి ముక్క విస్తరాకులో పెట్టి అందించింది. "మా అవ్వ సుత దీన్ని పిండే అన్నది సారూ. ఉన్న పేరే చెప్పిన. గా పొయ్యికాడున్నది నర్సన్న పెండ్లామే, పెనిమిటి కాలు కోసం పొద్దుగాల్నించి అద్దుతాంది. తిని చూడుండ్రి."

ఆయన పొయ్యి దగ్గరి మనిషిని చూశారు. ముక్క కొరికారు. పల్లీ పలుకు నమిలి, విస్తరాకు ఖాళీ చేశారు. "పిండి అని రాసేశానుగా. రాసింది మార్చడం మా ఆఫీసులో మహా కష్టమండీ" అన్నారు. డబ్బులిచ్చి ఇంటికి రెండు కట్టించుకున్నారు.

కొన్ని నెలలకు నర్సన్న కర్ర ఊతంతో మా గడప దాకా తనంతట తానే నడిచి వచ్చాడు. పెద్దమ్మ దగ్గరికి కాదు, నా దగ్గరికి. "నువ్వు మాట్లాడవట్కె సారు ఒప్పుకున్నడట గద బిడ్డా! మీ పెద్దమ్మ వాడకట్టంత చెప్పింది" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. వెనక పెద్దమ్మ ఏమీ ఎరగనట్టు బియ్యం చెరుగుతోంది. అన్ని గ్లాసులు గెలిచిన ఆ పిల్ల లోపలికి వెళ్లి, పెద్దమ్మ ఇత్తడి చెంబుతో నర్సన్నకు నీళ్లు తెచ్చిచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కళ్లూ తడుస్తాయి. ఆ పిల్ల మీద నాకిప్పుడు కోపం లేదు. పెద్దమ్మకే ముద్దొచ్చినప్పుడు నాకెందుకు రాదు!